మేనత్త కువైట్ నుంచి తెచ్చిన ఆంప్లిఫయర్ మీద రాతలకి అర్థమేమిటి?

ప్రశ్న: మలికిపురం నుంచి

నమస్కారమండి. మా మేనత్త కువైట్‌లో చాలా ఏళ్ళు పనిచేసింది. 80ల చివర్లో అక్కడ ఒక స్టీరియో ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు కొని సెలవుకి వస్తూ తెచ్చుకుంది. జపాన్‌లో తయారైంది. బరువంటే మామూలు బరువు కాదు, ఒక్కదాన్ని ఎత్తలేను. ఇన్నాళ్ళూ వాళ్ళింట్లో అటక మీదే ఉండిపోయింది. ఈమధ్య పాత ఇల్లు తీసేసి కొత్తది కట్టుకుంటూ "మీ నాన్నకి పాటలంటే ప్రాణం కదే, తీసుకుపో" అని నాకిచ్చేసింది.

నాన్నగారు రిటైరైన టీచరు. తెల్లవారుజామునే లేచి ఆకాశవాణి భక్తిరంజని వినడం ఆయనకి ఎప్పటినుంచో అలవాటు. ఇప్పుడు ఫోన్లో వింటున్నారు. ఆ బుల్లి స్పీకర్లో తంబుర శ్రుతి అస్సలు వినపడదు, గొంతులన్నీ కీచుగా ఉంటాయి. ఆయనకి ఇది పెట్టివ్వాలని నా ఆశ. కానీ వెనకవైపు చూస్తే టెన్షన్ వస్తోంది, ఏది ఎక్కడ గుచ్చితే ఏం కాలిపోతుందోనని.

వెనక ఇలా ఉంది. ఒక్కో చానెల్‌కి 40 వాట్లు, 8 ఓమ్స్, 20 నుంచి 20,000 హెర్ట్జ్, టీహెచ్‌డీ 0.05 శాతం. స్పీకర్ల దగ్గర "ఎ లేదా బి: 4–16 ఓమ్స్, ఎ+బి: 8–16 ఓమ్స్". ఫోనో, దాని పక్కన జీఎన్‌డీ అని ఒక స్క్రూ. ట్యూనర్, సీడీ, టేప్ ప్లే, టేప్ రెక్. ప్రీ అవుట్, మెయిన్ ఇన్ అన్న చోట యు ఆకారంలో వంచిన రెండు కమ్మీలు గుచ్చి ఉన్నాయి. 110, 120, 220, 240 అని తిప్పే బిళ్ళ ఒకటి, బాణం 240 మీద ఉంది. ముందువైపు లౌడ్‌నెస్, టేప్ మానిటర్, సోర్స్ డైరెక్ట్, మ్యూటింగ్ −20 డీబీ అని మీటలు.

ధైర్యం చేసి ఫోన్ కలిపి ఆన్ చేశాను. కాసేపటికి లోపల టక్ మంది, పాట వచ్చింది. కానీ సన్నగా పెడితే ఎడమ స్పీకరు మాయమైపోతోంది. వాల్యూమ్ పెంచితే మళ్ళీ వస్తోంది. దగ్గర్లో ఒక షాపులో అడిగితే "ఇది 40 వాట్లే, ఇచ్చేసి 5000 వాట్ల సెట్టు తీసుకోండి" అన్నారు. మా పిన్ని కొడుకేమో అరచేతిలో పట్టే క్లాస్ డి ఆంప్లిఫయర్ లింకు పంపాడు, అది 100 వాట్లట. అరచేతి డబ్బా 100 వాట్లిస్తే, మోయలేనంత బరువున్న ఇది 40 ఇవ్వడమేమిటండి? దేన్ని నమ్మాలి?

స్పీకర్ల వెనక 6 ఓమ్స్, 88 డీబీ అని ఉంది. మాది కొత్త డాబా, హాలంతా టైల్స్. నాన్నగారు కూర్చునే చోటుకి స్పీకర్లు మూడు మీటర్ల దూరంలో ఉంటాయి. కొన్నాళ్ళయ్యాక వంటింటి వైపు ఇంకో జత పెట్టాలని అమ్మ కోరిక.

జవాబు: పాలకొల్లు నుంచి

అమ్మా, ఆ సెట్టు ఎవరికీ ఇచ్చేయకండి. రేడియోలు, టేప్‌రికార్డర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేయడం మీదే మా ఇల్లు గడిచింది. గల్ఫ్ నుంచి వచ్చిన ఇలాంటి జపాన్ సెట్లు నరసాపురం, రాజోలు, పాలకొల్లు ఇళ్ళలో ఇంకా ఉన్నాయి, ఇప్పటికీ నా బల్ల మీదకి వస్తుంటాయి. మీరడిగిన వరసలో కాకుండా, నాన్నగారు ఎలా వింటారో దాన్నిబట్టి చెప్తాను. ఇంట్లో అందరూ నిద్రపోతుంటే ఆయన సన్నగా పెట్టుకుని వింటారు. అంటే ఆయన వాడుకునేది ఒక్క వాటు, నిజానికి అందులో పదోవంతు కూడా ఉండదు. ఆ కాస్తా శుభ్రంగా రావాలి. షాపుకి వచ్చినవాళ్ళంతా ఎక్కువలో ఎక్కువ ఎన్ని వాట్లని అడుగుతారు గానీ, మొదటి వాటు ఎలా ఉంటుందని అడిగినవాళ్ళు నాకు అరుదుగా కనిపించారు.

మీ సెట్టు వెనక రాసిన లైను మొత్తం కలిపి చదవాలి. 8 ఓమ్స్ స్పీకరు తగిలించినప్పుడు, 20 హెర్ట్జ్ గంభీర స్వరం నుంచి 20,000 హెర్ట్జ్ సన్నటి స్వరం దాకా దేనికైనా, ఆగకుండా 40 వాట్లు ఇస్తుంది, అప్పుడు కూడా డిస్టార్షన్ 0.05 శాతం దాటదు అని దాని భావం. టీహెచ్‌డీ అంటే అసలు పాటలో లేని స్వరాలు ఆంప్లిఫయర్ తన సొంతంగా ఎంత కలుపుతోందన్న లెక్క. ఇలా షరతులన్నీ కలిపి రాసి తీరాలని అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో రూలు పెట్టింది. అంతకుముందు అక్కడా ఎవరికి తోచిన అంకె వాళ్ళు వేసుకునేవారు.

5000 వాట్లు అన్నది పీఎంపీవో, అంటే ఒక్క క్షణం పాటు రావొచ్చని చెప్పుకునే అంకె అయ్యుంటుంది. దానికి అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతే లేదు, అందుకే ఎంతైనా రాసుకోవచ్చు. మీరు ఈసారి షాపుకి వెళ్తే ఆ పెట్టె వెనక్కి తిప్పించి, గోడ నుంచి కరెంటు ఎన్ని వాట్లు తీసుకుంటుందో రాసిన చోటు చదవండి. 60 వాట్లు తీసుకునే పెట్టె స్పీకరుకి 5000 వాట్లు ఎక్కడినుంచి తెచ్చిస్తుంది? ఆర్‌ఎంఎస్ అనో, కంటిన్యుయస్ (ఆగకుండా ఇచ్చేది) అనో రాసిన అంకె ఉంటే దాన్నే లెక్కలోకి తీసుకోండి.

మరి 40 సరిపోతాయా? ఇది స్పీకరు చెప్పాలి. మీ స్పీకర్ల మీద ఉన్న 88 డీబీ, వాట్ల కన్నా నాకు ఎక్కువ పనికొచ్చే అంకె. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో 88 డెసిబెల్స్ మోగుతుందని దాదాపుగా దాని అర్థం. వాట్లు రెట్టింపు చేసినప్పుడల్లా పెరిగేది 3 డెసిబెల్సే. 2 వాట్లకి 91, 4కి 94, 8కి 97, 16కి 100, 32కి 103. నలభై వాట్ల సెట్టు తీసేసి ఎనభైది తెచ్చుకున్నా మీకు దక్కేది ఆ మూడే. చెవికి "రెండింతలు మోగుతోంది" అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి వాట్లు పదిరెట్లు కావాలి. మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే ఆరుబయట తొమ్మిదిన్నర డెసిబెల్స్ తగ్గుతుంది, గదిలో గోడలు తిప్పికొడతాయి కాబట్టి అంత తగ్గదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే మాట 60 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది. ఇక లెక్క వేసుకోండి, ఒక్క వాటుతోనే మీ హాలు నిండిపోతుంది. మిగతా 39 మృదంగం మీద ఒక్కసారిగా పడే దెబ్బకి, పండగరోజు మీరంతా గట్టిగా పెట్టుకోవడానికి.

అరచేతి డబ్బా విషయం. క్లాస్ డి చెడ్డదేమీ కాదు, మంచివి చాలా మంచివే. మీ పాతది క్లాస్ ఏబీ అయ్యుంటుంది. అందులో ట్రాన్సిస్టర్లు కరెంటుని కొంత స్పీకరుకిచ్చి, కొంత వేడిగా వదిలేస్తాయి. ఆ వేడి పోవడానికి అల్యూమినియం రెక్కలు, కరెంటు సరఫరాకి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటాయి, బరువంతా వాటిదే. క్లాస్ ఎ లో అయితే పాట ఉన్నా లేకపోయినా నిండా కరెంటు ప్రవహిస్తూనే ఉంటుంది, మన మే నెల ఎండల్లో దాని పక్కన కూర్చోలేం. క్లాస్ డి లో ట్రాన్సిస్టర్లు సెకనుకి కొన్ని లక్షలసార్లు పూర్తిగా ఆన్, పూర్తిగా ఆఫ్ అవుతుంటాయి. 90 శాతం దాకా కరెంటు పనికొస్తుంది, అందుకే అంత చిన్న డబ్బాలో పడుతుంది. కానీ ఆ 100 వాట్లని నమ్మేముందు దానితో ఇచ్చే అడాప్టరు ఎన్ని వోల్టులో చూడండి. 12 వోల్టులతో 8 ఓమ్స్ స్పీకరుకి మహా అయితే 9 వాట్లు వస్తాయి. అంతకన్నా రావడానికి లెక్క ఒప్పుకోదు. 24 వోల్టులైతే 36. పైగా వీటిమీద రాసే అంకెలు చాలావరకు 10 శాతం డిస్టార్షన్ దగ్గర కొలిచినవి. మీ సెట్టు మీద రాసింది 0.05 శాతం దగ్గర. ఈ రెండు అంకెలూ ఒకే తక్కెట్లో పెట్టేవి కావు.

ఏబీలో సన్నగా వినేవాళ్ళు గమనించాల్సింది ఒకటుంది. స్వరం పైకి వెళ్ళేటప్పుడు ఒక ట్రాన్సిస్టర్, కిందకి వెళ్ళేటప్పుడు ఇంకోటి పనిచేస్తాయి. చేతులు మారే ఆ సున్నా దగ్గర చిన్న తొట్రుపాటు రాకుండా రెండింటిలోనూ కాస్త కరెంటు ఎప్పుడూ పారిస్తారు, దాన్ని బయాస్ అంటాం. ఇన్నేళ్ళకి అది మారిపోయి ఉండొచ్చు. మోత ఎక్కువున్నప్పుడు ఆ తొట్రుపాటు తెలియదు. భక్తిరంజని సన్నగా పెడితే గొంతు మీద గరుకుగా తెలుస్తుంది. మీటరు పెట్టి సరిచేయించాల్సిన పని ఇది.

ఇక ఓమ్స్. స్పీకరు కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె. ఓమ్స్ తక్కువైతే ఆంప్లిఫయర్ ఎక్కువ కరెంటు ఇవ్వాలి. ఎ గానీ బి గానీ ఒక్కటే వాడితే 4 ఓమ్స్ దాకా తట్టుకుంటానని మీ సెట్టు చెప్తోంది, మీ 6 ఓమ్స్ జతతో ఇబ్బంది లేదు. ఎ+బి నొక్కితే రెండు జతలూ పక్కపక్కన కలుస్తాయి, ఒకే కాలవ మీద రెండు తూములు ఒక్కసారి ఎత్తినట్టు. 6, 6 కలిస్తే 3 ఓమ్స్ అయిపోతుంది. అందుకే ఎ+బి దగ్గర ఒక్కోటి 8 కి తగ్గకూడదని రాశారు. అమ్మగారికి వంటింట్లో రెండో జత పెట్టినా, ఒకసారి ఎ, ఒకసారి బి వాడుకోండి. రెండూ కలిపి మాత్రం వద్దు.

వెనక ఉన్న వాటిలో ఫోన్ ఎక్కడ కలిపారో మీరు రాయలేదు. సీడీ, ట్యూనర్, టేప్ ప్లే, ఈ మూడూ ఒకటే, ఏదైనా పరవాలేదు. ఫోనో మాత్రం కాదు, అది ఎల్పీ రికార్డు ప్లేయరుది. రికార్డు మీద సూది పుట్టించేది 5 మిల్లీవోల్టుల లోపే, సీడీ ప్లేయరు ఇచ్చేది 2 వోల్టులు. పైగా రికార్డు కోసేటప్పుడు గంభీర స్వరాలు తగ్గించి, సన్నటివి పెంచి కోస్తారు. ఫోనో దాన్ని తిరగేసి, 20 హెర్ట్జ్ దగ్గర 20 డెసిబెల్స్ దాకా పెంచి, 20,000 దగ్గర అంతే తగ్గిస్తుంది. ఆర్‌ఐఏఏ అంటే అదే. ఫోన్ అక్కడ గుచ్చితే గొంతు పగిలిపోయి బుంయ్ మంటుంది. జీఎన్‌డీ స్క్రూ కూడా రికార్డు ప్లేయరు నుంచి వచ్చే సన్నటి తీగకే, ఇంటి ఎర్త్ వైరు దానికి కట్టకండి.

టేప్ మానిటర్ నొక్కితే ఆంప్లిఫయర్ మిగతా అన్నిటినీ వదిలేసి టేప్ ప్లే మాత్రమే వింటుంది. అక్కడేమీ కలపకపోతే చప్పుడుండదు. "సెట్టు చచ్చిపోయింది" అని మోసుకొచ్చినవాటిలో ఈ ఒక్క మీట పైకి లేపి పంపించినవి ఉన్నాయి.

ఎడమ స్పీకరు గురించి. సన్నగా పెడితే పోయి, పెంచితే వస్తోందంటే ఎక్కడో లోహానికి లోహం తగిలే చోట తుప్పు పొర పట్టింది. చిన్న సిగ్నల్ ఆ పొర దాటలేదు, పెద్దది దాటుతుంది. మీది సముద్రానికి దగ్గర, ఉప్పుగాలి. ప్లగ్గు పీకేసి ఈ వరసలో చూడండి. మొదట ఆంప్లిఫయర్ వెనక స్పీకర్లు కలిపే చోట ఎడమ కుడి వైర్లు మార్చండి. స్పీకరుతో పాటు జబ్బు కూడా మారితే తప్పు స్పీకరుదో దాని వైరుదో. మారకుండా ఆంప్లిఫయర్ ఎడమవైపే ఉండిపోతే ఫోన్ నుంచి వచ్చే పిన్నులు మార్చండి. అప్పటికీ ఎడమేనంటే లోపమే. ప్రీ అవుట్, మెయిన్ ఇన్ మధ్య ఉన్న ఆ కమ్మీలు ఊడదీసి చూడండి. ముందు భాగం తయారుచేసిన సిగ్నల్ వాటి మీదుగానే వెనక భాగానికి వెళ్తుంది. నల్లబడి ఉంటే పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెరిసేదాకా రుద్ది, గుడ్డతో తుడిచి మళ్ళీ గుచ్చండి. పారేయకండి, అవి లేకపోతే మోతే రాదు. సెట్టు మూత మాత్రం తీయకండి. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో చార్జి నిలబడి ఉంటుంది.

జవాబు: భీమవరం దగ్గర నుంచి

పాలకొల్లు మాస్టారు చెప్పినదానికి కరెంటు సంగతి ఒక్కటి కలుపుతాను. మా ఇంటి చుట్టూ రొయ్యల చెరువులే. రాత్రి పొద్దుపోయాక చెరువుల్లో ప్రాణవాయువు తగ్గుతుందని ఏరియేటర్లు వేస్తారు, తెల్లారేదాకా తిరుగుతూనే ఉంటాయి. సరిగ్గా మీ నాన్నగారు లేచే వేళకి మా లైన్లో వోల్టేజీ అడుగంటుతుంది. మీ వైపూ చెరువులు ఎక్కువే కాబట్టి చెప్తున్నాను.

ఆ బిళ్ళ 240 మీదే ఉంచండి. కువైట్ కరెంటు 240, మనది 230. తెల్లవారుజామున 200 వచ్చినా ప్రమాదం లేదు, 40 వాట్లు కాస్తా 28 దాకా తగ్గుతాయి, అంతే. తక్కువొస్తోంది కదా అని 220 కి తిప్పితే, మధ్యాహ్నం మోటార్లు ఆగి 250 వచ్చినప్పుడు లోపల అన్నిటి మీదా భారం పడుతుంది. 110, 120 జోలికి వెళ్ళారంటే అక్కడికక్కడే కాలిపోతుంది.

ఇన్వర్టరు స్క్వేర్ వేవ్‌ది అయితే ఆంప్లిఫయర్‌ని ఆ లైనులో పెట్టకండి. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్ మంటుంది, స్పీకర్లలోనూ ఆ మోత వస్తుంది. ప్యూర్ సైన్ వేవ్ అయితే పరవాలేదు.

కువైట్ ప్లగ్గుకి బజారులో దొరికే వదులు కన్వర్టరు వాడుతున్నట్టయితే దాన్ని తీసేయండి. అది కదిలినప్పుడల్లా నిప్పురవ్వలు వస్తాయి. ప్లగ్గే మార్పించండి. వైరులో రెండు తీగలే ఉంటే కంగారుపడకండి. వెనక చదరంలో ఇంకో చదరం గుర్తు ఉంటే అది ఎర్త్ అక్కర్లేకుండా రెండు పొరల ఇన్సులేషన్‌తో చేసింది.

మళ్ళీ మలికిపురం నుంచి

ఆయ్, మీరిద్దరూ చెప్పినట్టే చేశానండి. చాలా థాంక్స్. ఫోన్ సీడీలోనే కలిపాను. స్పీకరు వైర్లు మార్చినా, పిన్నులు మార్చినా ఎడమవైపే పోతోంది. కమ్మీలు తీసి చూస్తే నల్లగా బొగ్గులా ఉన్నాయి. రబ్బరుతో రుద్దితే వెండిలా మెరిశాయి. ఇదివరకటి మీద చాలా నయం, కానీ మరీ సన్నగా పెడితే ఇప్పటికీ పోతోంది. ఇంకోటి, వాల్యూమ్ అడుగున ఉన్నప్పుడు కుడివైపు కాస్త ఎక్కువ, ఎడమ కాస్త తక్కువ.

నాన్నగారు కూర్చుని విన్నారు. "ఇది ఫోన్ కన్నా ఎంతో బాగుంది గానీ, సన్నగా పెడితే మృదంగం తొప్పి వినపడట్లేదు" అన్నారు. లౌడ్‌నెస్ నొక్కితే తేడా ఏమీ లేదు. అది కూడా పోయిందంటారా? వైరు ఏది కొనాలి? ఇప్పుడున్నది దారంలా సన్నగా ఉంది. అమ్మ అల్లిన లేసు గుడ్డ దానిమీద కప్పాను, ఉంచొచ్చా?

జవాబు: పాలకొల్లు నుంచి

లౌడ్‌నెస్ పోలేదమ్మా. సోర్స్ డైరెక్ట్ నొక్కి ఉంటుంది, చూడండి. అది నొక్కితే బాస్, ట్రెబుల్, బాలెన్స్, లౌడ్‌నెస్ అన్నిటినీ పక్కనపెట్టి సిగ్నల్ నేరుగా పోతుంది. దాన్ని పైకి లేపి ఇప్పుడు లౌడ్‌నెస్ నొక్కండి.

నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం, ఆయన చెవులు బాగున్నాయి. మోత తగ్గేకొద్దీ మన చెవికి గంభీర స్వరాలు మిగతావాటికన్నా త్వరగా వినపడకుండా పోతాయి. ఇది మనిషి చెవి తీరు. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లో దీన్ని కొలిచి గీతలు గీశారు. తొప్పి వైపు గుమ్మనే నాదం పోయి, వలంతల వైపు టక్ టక్ మిగిలిపోవడం అందుకే. లౌడ్‌నెస్ మీట వాల్యూమ్ తక్కువలో ఉన్నప్పుడు కింది స్వరాలని పెంచుతుంది, వాల్యూమ్ పెరిగేకొద్దీ ఆ పెంపు తనే తగ్గించుకుంటుంది. తెల్లవారుజామున నొక్కి ఉంచండి, పగలు గట్టిగా వినేటప్పుడు తీసేయండి. ఈ మీటని చులకన చేసి కొత్త ఆంప్లిఫయర్లలో చాలావాటిలోంచి తీసేశారు. సన్నగా వినేవాళ్ళకి ఇంతకన్నా పనికొచ్చే మీట లేదని నా గట్టి అభిప్రాయం.

కుడి ఎడమల తేడా వాల్యూమ్ నాబ్‌ది. ఒకే కడ్డీ మీద రెండు చానెళ్ళకీ చెరో పట్టీ ఉంటుంది. అడుగున ఆ రెండూ అచ్చం ఒకలా ఉండవు, కొత్తలోనూ కాస్త తేడా ఉంటుంది. మ్యూటింగ్ −20 డీబీ మీట ఇక్కడ పనికొస్తుంది. అది నొక్కితే స్పీకరుకి వెళ్ళేది వందోవంతు అవుతుంది, అప్పుడు అంతే మోతకి నాబ్ ఇంకా పైకి తిప్పుకోవచ్చు, అక్కడ రెండు పట్టీలూ సరిగ్గా కలుస్తాయి. అయితే నాబ్ పైకి వెళ్తే లౌడ్‌నెస్ పెంపు తగ్గుతుంది. కాబట్టి రెండూ కలిపి ఒకసారి, లౌడ్‌నెస్ ఒక్కటే ఒకసారి పెట్టి, ఏది బాగుందో నాన్నగారినే తేల్చమనండి. ఫోన్ వాల్యూమ్ మాత్రం నిండుగా ఉంచండి. అక్కడ తగ్గించి ఇక్కడ పెంచితే ఆంప్లిఫయర్ సొంత బుస కూడా పెరుగుతుంది. ఎస్‌ఎన్‌ఆర్ అన్న అంకె ఆ బుస పాటకన్నా ఎంత కింద ఉందో చెప్పేది, ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

లేసు గుడ్డ సెట్టు ఆఫ్‌లో ఉన్నప్పుడు తప్పకుండా కప్పండి. దుమ్ముతో పాటు బల్లులూ లోపలికి పోకుండా ఉంటాయి, వెచ్చదనానికి అవి లోపల చేరి బోర్డు మీద షార్ట్ చేసిన సెట్లు నేను విప్పాను. ఆన్ చేసేముందు మాత్రం తీసి పక్కన పెట్టాలి. పైన చీలికల్లోంచి వేడి పోవాలి, మీద జానెడు ఖాళీ ఉండాలి.

వైరుకి డబ్బు తగలేయకండి. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు చాలు. అయిదు మీటర్ల దూరానికి పోనూ రానూ కలిపి పది మీటర్లు, దాని అడ్డు 0.07 ఓమ్స్ ఉంటుంది. మీ 6 ఓమ్స్ ముందు అది లెక్కలోకి రాదు. డాంపింగ్ ఫ్యాక్టర్ అని ఎవరైనా చెప్తే, స్పీకరు కోన్ అనవసరంగా ఊగకుండా ఆంప్లిఫయర్ పట్టుకునే బిగువు అనుకోండి. వైరు సన్నగా ఉంటే ఆ బిగువు పోతుంది, లావు వైరు వేస్తే సరి. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి కలపండి. ఒక స్పీకరు తిరగబడితే రెండు కోన్లు ఒకదానికొకటి ఎదురు కొట్టుకుని, మళ్ళీ తొప్పి మోతే మాయమవుతుంది.

మీ హాలు గురించి కూడా. టైల్స్, సున్నం గోడలు, ఎత్తయిన కప్పు ఉంటే మాట మాట మీద పడుతుంది. కింద ఒక బొంతో, తివాచీయో పరిచి, కిటికీలకి మందపాటి తెరలు కట్టండి. కొత్త ఆంప్లిఫయర్ కొన్నదానికన్నా ఎక్కువ తేడా వస్తుంది. స్పీకర్లు షోకేసులో ఇరికించకండి. మూలకి నెట్టకుండా, కూర్చున్నవాళ్ళ చెవి ఎత్తులో, గోడకి జానెడు ఎడంగా పెట్టండి.

ఇక మిగిలిన జబ్బు. అదే స్పీకరు జతని బి లో కలిపి చూడండి. బి లో బాగుంటే ఎ మీట లోపల తుప్పు, కరెంటు తీసేసి దాన్ని చాలాసార్లు నొక్కి వదలండి, తగ్గొచ్చు. బి లోనూ అలాగే ఉంటే మాత్రం నా అనుమానం రిలే మీద, అంటే స్పీకర్లని కలిపే లోపలి స్విచ్ మీద. ఆన్ చేసిన కాసేపటికి టక్ మంటుందన్నారే, అదే. లోపల ఏదైనా పాడైతే స్పీకర్లు కాలకుండా కాపాడేది కూడా అదే. ఏళ్ళ తరబడి కలుస్తూ విడిపోతూ దాని పెదవులు నల్లబడతాయి. చిన్న సామాను, ఖరీదూ తక్కువే. గీకించొద్దు, మార్పించండి. కొత్తదాని కాయిల్ వోల్టేజీ పాతదానిదే ఉండాలి.

రేవు దాటి నరసాపురంలో చూపించినా, మీకు దగ్గర్లో ఎవరికిచ్చినా, ఒక కాగితం మీద రాసివ్వండి. ఎడమ చానెల్, సన్నగా పెడితే పోతుంది, ఎ బి రెండిట్లోనూ అంతే, స్పీకర్లు బాగున్నాయి, కమ్మీలు శుభ్రం చేశాం. చేయవలసినవి: రిలే మార్చడం, బయాస్ చూడటం, వాల్యూమ్, సెలెక్టర్, మీటలకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టడం. "పాతది కదా, కెపాసిటర్లన్నీ మార్చేస్తాం" అంటే, ఉబ్బినవి, కారినవి, మీటరు మీద తేలిపోయినవి చూపించి అవే మార్చమనండి. వాల్యూమ్ కంట్రోల్ మాత్రం విప్పి కొత్తది వేయనివ్వకండి, లౌడ్‌నెస్‌కి అదనపు కాలున్న ఆ రకం ఇప్పుడు దొరకడం కష్టం.